ఫీజు అడిగారు సరే... టవర్ సంగతి అడిగారా?

పైలట్ కోర్సు చేద్దామనుకుంటున్న మహబూబ్‌నగర్ కుర్రాడొకరు ఈమధ్య నాకో ఎక్సెల్ షీట్ పంపాడు. అందులో ఆరు ఫ్లయింగ్ స్కూళ్లు. ఫీజెంత, హాస్టల్ ఉందా, విమానాలెన్ని, కమర్షియల్ లైసెన్స్‌కు కావాల్సిన 200 గంటలు ఎన్ని నెలల్లో అవుతాయి, బ్యాంకు లోను వస్తదా రాదా... అన్నీ రాసుకున్నాడు. ‘ఇంకేమన్నా కాలమ్ పెట్టాల్నా అన్నా?’ అని అడిగాడు. ఒకటి పెట్టమన్నాను. ఆ ఎయిర్‌ఫీల్డ్‌కు కంట్రోల్ టవర్ ఉందా? లేకపోతే, గాల్లో ఉన్న విమానాలు ఒకదానికొకటి తగలకుండా ఏం చేస్తున్నారు?

‘టవర్ లేకుండా ఎయిర్‌పోర్ట్ ఎట్లుంటదన్నా!’ అని నవ్వాడు.

ఉంటుంది. అమెరికాలో అందరూ వాడుకునే ఎయిర్‌పోర్టులు దాదాపు 5,000 ఉంటే, టవర్ ఉన్నవి 500 పైచిలుకే. శంషాబాద్‌ను చూసి అన్నీ అలాగే ఉంటాయనుకోవద్దు. ఫ్లయింగ్ స్కూళ్లలో కొన్ని నడిచేది చిన్న చిన్న ఎయిర్‌స్ట్రిప్‌ల మీదే. నల్గొండ వాళ్లకైతే సాగర్ అవతలి గట్టున ఉన్న ఎయిర్‌స్ట్రిప్ తెలిసే ఉంటుంది. 2022 ఫిబ్రవరి 26న సాగర్ నుంచి లేచిన ఒక సెస్నా 152 పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయింది. అది విమానాలు ఢీకొన్న ప్రమాదం కాదు. కానీ మన చేల మీదుగా వెళ్లే ఆ బుల్లి విమానాల్లో ఉండేది మీ ఈడు పిల్లలేనన్న సంగతి ఆ రోజు చాలామందికి తెలిసింది.

ఢీకొన్న సంఘటన కావాలంటే కెనడా వెళ్దాం. 2025 జులై 8న మనిటోబాలోని స్టైన్‌బాక్ దగ్గర ఒకే స్కూలుకు చెందిన రెండు సెస్నాలు రన్‌వేకు కొద్ది దూరంలో గుద్దుకున్నాయి. ఇద్దరు స్టూడెంట్లూ టేకాఫ్, ల్యాండింగ్ ప్రాక్టీసు చేస్తున్నారు. ఒకరు మన కేరళ అబ్బాయి. రెండు విమానాల్లోనూ రేడియో ఉంది. అయినా ఇద్దరూ బతకలేదు.

టవర్ లేని చోట పద్ధతి ఏంటంటే, రన్‌వేను ఒక భుజంగా చేసుకుని గాల్లో ఒక దీర్ఘచతురస్రం ఉందనుకోండి. దాన్ని సర్క్యూట్ అంటారు. మామూలుగా నేల నుంచి వెయ్యి అడుగుల ఎత్తులో, ఎడమ వైపు మలుపులతో, అందరూ ఒకే దిశలో తిరగాలి. అప్పుడే పక్కవాడి కోసం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇక ప్రతి మలుపు దగ్గరా, అక్కడ అందరూ వినే ఒకే ఫ్రీక్వెన్సీలో చెప్పాలి: ఏ ఎయిర్‌ఫీల్డ్, నేనెవరు, ఎక్కడున్నాను, ఏం చేయబోతున్నాను. అంతే. అయిదారు సెకన్ల పని.

మిగతాది కళ్ల పని. అవతలి విమానం కంటపడి, అది విమానమేనని గుర్తుపట్టి, మనవైపే వస్తోందని అర్థమై, చెయ్యి కదిలి, మన విమానం పక్కకు తిరిగేసరికి మొత్తం 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క. ఇంజినీరింగ్ బుర్ర కదా, నేనూ లెక్క వేసి చూశాను. చెరో 90 నాట్ల వేగంతో ఎదురెదురుగా వస్తే, ఆ 12.5 సెకన్లలో మధ్య దూరం 1,150 మీటర్లకు పైగా కరిగిపోతుంది. అంతకంటే దగ్గరకొచ్చాక చూస్తే చూడనట్టే. ఇంకో తిరకాసు ఏమిటంటే, అద్దంలో పక్కకు జరుగుతున్న విమానంతో భయం లేదు. ఒకే చోట చుక్కలా నిలబడి పెద్దదవుతున్నదే మిమ్మల్ని గుద్దేది. కదలనిదాన్ని మన కన్ను తొందరగా పట్టుకోదు.

మాసాయిపేట గుర్తుందా? కాపలా లేని రైల్వే గేటు, స్కూలు బస్సు, 2014 జులై. అక్కడ కనీసం రైలు పట్టాల మీదే వస్తుంది. ఆకాశంలో పట్టాల్లేవు.

రేడియోలో చెప్తే చాలా అంటే చాలదు. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఇదే జరిగింది. ఒక సెస్నా 152 సర్క్యూట్‌లో తిరుగుతోంది. రెండు ఇంజిన్ల సెస్నా 340 నేరుగా దిగడానికి దాదాపు 180 నాట్లతో దూసుకొచ్చింది. ఇద్దరూ రేడియోలో చెప్పుకుంటూనే ఉన్నారు. నువ్వు చాలా స్పీడుగా వస్తున్నావ్, నేను మళ్లీ పైకి లేస్తున్నా అని చిన్న విమానం పైలట్ అన్నాడు కూడా. ముగ్గురు పోయారు. విన్న మాటను బట్టి అవతలి విమానం ఎక్కడుందో, ఎంత వేగంతో వస్తోందో బొమ్మ గీసుకోవాల్సింది మన తలలోనే.

ఇప్పుడు నా అసలు బాధ చెప్తాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం క్లాసులో డౌట్ ఉన్నా నోరు విప్పం. ఇంగ్లిష్ తప్పు పోతే నవ్వుతారని. నేను బీటెక్ నాలుగేళ్లూ వెనక బెంచీలో అట్లాగే గడిపాను. ఇంటర్వ్యూలో అయితే ఆ మౌనానికి ఒక ఉద్యోగం పోతుంది. ఫైనల్ మలుపులో పోయేది వేరు. ‘సారీ, మీరెక్కడున్నారో అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అని అడగలేని స్టూడెంట్‌కు ల్యాండింగ్ ఎంత బాగా వచ్చినా నేను భయపడతాను. యాస ఎట్లున్నా ఫర్వాలేదు. ఈ రేడియో మాటలు మహా అయితే కొన్ని పదుల వాక్యాలు, ఇంట్లో అద్దం ముందు నిలబడి నేర్చుకోవచ్చు.

యంత్రాల సాయం లేదా అంటారేమో. ఉంది. ఏడీఎస్-బీ అని, విమానం తన స్థానాన్ని, ఎత్తును ఎప్పటికప్పుడు 1090 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తుంటుంది. మీ ఫోన్లో విమానాలు కదిలే యాప్‌లకు ప్రధాన ఆధారం అదే. ఈసీఈ వాళ్లు ప్రాజెక్టు కోసం తలలు పట్టుకునే బదులు దీన్ని ఒకసారి చదవండి. పెద్ద విమానాల్లో ఢీకొనే ముప్పును హెచ్చరించే టీకాస్ ఉంటుంది. 1996లో చర్ఖీ దాద్రీలో 349 మంది చనిపోయాక మన దేశంలో దాన్ని తప్పనిసరి చేశారు. శిక్షణ విమానాల్లో మామూలుగా అది ఉండదు.

అందుకే అడగమంటున్నాను. సర్క్యూట్‌లో ఒకేసారి ఎన్ని విమానాలను అనుమతిస్తారు? సోలో స్టూడెంట్లు గాల్లో ఉన్నప్పుడు కింద రేడియో పట్టుకుని చూసేదెవరు? విమానాల్లో ఏడీఎస్-బీ ఉందా? డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులిస్తోంది, అవీ చూడండి. కానీ ఈ మూడూ ర్యాంకులో కనపడవు. ఇంట్లో వాళ్లు పొలం అమ్మి లక్షలు కడుతున్నప్పుడు ఈ మాత్రం అడగడం మర్యాద తప్పడమేం కాదు.

ఆ కుర్రాడు ఆరు చోట్లకూ ఫోన్ చేశాడు. ఇద్దరు వివరంగా చెప్పారట, ఒకరైతే వచ్చి చూసుకోమన్నారట. ఇంకొకరు ‘అవన్నీ ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటాడు, ముందు సీటు బ్లాక్ చేసుకో’ అన్నారట. మిగతా ఇద్దరూ మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. ఫీజు అందరికంటే తక్కువ ఉన్నది ఆ సీటు బ్లాక్ చేసుకోమన్న దాంట్లోనే. మొన్న షీట్ మళ్లీ పంపాడు, ఆ వరసకు ఎర్ర రంగు వేసి ఉంది.