డబ్బు కట్టేముందు పాత బ్యాచ్‌ను వెతకండి

పరీక్షల ఫలితాలు వచ్చీ రాగానే మన పిల్లల ఫోన్లకు మెసేజులు మొదలవుతాయి. మూడు నెలల శిక్షణ, నూరు శాతం ఉద్యోగం. ఇంకా నాలుగు సీట్లే మిగిలాయి. ఈ రాత్రి పన్నెండులోగా కడితే ఫీజులో సగం తగ్గింపు. పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, యానాం నుంచి పిల్లల్ని చదువుకని, పనికని ఇక్కడికి పంపిన తల్లిదండ్రులకూ చేతులు జోడించి చెబుతున్నాను. ఆ రాత్రి కట్టకండి. మర్నాడు కూడా కట్టకండి. ఆ సంస్థలో పోయినేడాది శిక్షణ తీసుకున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో, ఎంత జీతం తీసుకుంటున్నారో ముందు కనుక్కోండి. అది తెలిసేదాకా పైసా తీయకండి.

పెళ్లి సంబంధం వస్తే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసే మనం, లక్ష రూపాయల కోర్సుకు ఒక్క ఫోన్ కాల్‌తో తలూపేస్తున్నాం. ఎందుకు? అవసరం అలాంటిది. ఇక్కడి ముదలియార్‌పేటలో 1898లో పుట్టిన ఆంగ్లో ఫ్రెంచ్ మిల్లు, అందరూ ఏఎఫ్‌టీ అనేది, 2020 ఏప్రిల్‌లో మూతపడింది. అదే ఏడాది స్వదేశీ, భారతి మిల్లులకూ తాళాలు పడ్డాయి. 1936 జూలై 30న పన్నెండు మంది కార్మికులు పోలీసు తూటాలకు బలై, ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్న ఊరు ఇది. ఆ మిల్లుల్లో పని నేర్చుకున్నవాడు నేర్చుకుంటూనే ఎంతో కొంత ఇంటికి తెచ్చేవాడు. నేర్పినందుకు ఎవరూ ఫీజు అడగలేదు. ఇటు యానాంలో రీజెన్సీ సిరామిక్స్ 2012 జనవరి 27 నాటి హింస తర్వాత ఏళ్ల తరబడి మూతపడింది. టైల్స్ పనిలో చెయ్యి తిరిగిన మనుషులు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అలాంటి ఇళ్ల పిల్లలకు ఏదో ఒక సర్టిఫికెట్ ఉంటే చాలు, గట్టెక్కుతాం అనిపించడం సహజం. ఆ ఆశ మీదే వ్యాపారం నడుస్తోంది.

మన పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. సంస్థలో మాటలన్నీ తమిళంలో. సంతకం పెట్టించుకునే కాగితం ఇంగ్లిషులో. ఇంటికి ఫోన్ చేసి చెప్పేది తెలుగులో. యానాం ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. తండ్రి బస్సెక్కి వచ్చి చూసేలోపు మొదటి వాయిదా కట్టేసి ఉంటారు. రెండు భాషల మధ్య పడి అసలు షరతు ఎక్కడో జారిపోతుంది. తమిళం బాగా వచ్చిన మనవాళ్లెవరైనా పక్కన లేకుండా పిల్లల్ని ఆ గదిలో ఒంటరిగా కూర్చోబెట్టకండి. ఈ ఊళ్లో ముందునుంచీ ఉన్న తెలుగువాళ్లను నేను అడిగేది ఈ ఒక్క సాయం. ఒక గంట వెచ్చించి వాళ్ల వెంట వెళ్లండి.

‘ఇది గవర్నమెంటు స్కీమ్ అండీ’ అంటే మనకు ధైర్యం వచ్చేస్తుంది. రాకూడదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో మొదలైంది. మంచి ఉద్దేశమే. కానీ 2015 నుంచి 2022 దాకా జరిగిన మూడు దశలను ప్రభుత్వ ఆడిట్ సంస్థ కాగ్ తనిఖీ చేసి 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుంచిన నివేదిక చదవండి. దాదాపు 96 లక్షల మంది అభ్యర్థుల రికార్డులు చూస్తే, వాటిలో 94 శాతానికి పైగా రికార్డుల్లో బ్యాంకు ఖాతా వివరాలు ఉండాల్సిన చోట సున్నాలో, ఖాళీలో ఉన్నాయి. ఒకే ఫొటో వేర్వేరు అభ్యర్థుల పేర్ల కింద కనిపించింది. స్వల్పకాల శిక్షణలో సర్టిఫికెట్ పొందినవారిలో ఉద్యోగం దొరికింది 41 శాతానికి. ఇందులో కష్టపడి నేర్పిన కేంద్రాలూ ఉన్నాయి, కాదనను. కానీ ఎంతమందిని చేర్చుకున్నారు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు అన్న లెక్క మీద నడిచే పథకంలో ఆరు నెలల తర్వాత శిక్షణ పొందిన కుర్రాడు ఏం చేస్తున్నాడో చూసే నాథుడు ఉండడు. పైన ముద్ర ఎవరిదైనా, ఆ ప్రశ్న మీరే అడగాలి.

ముద్ర సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఎప్పటికప్పుడు ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో మన పుదుచ్చేరి చిరునామా ఒకటి వరుసగా కనిపిస్తూ వచ్చింది: వళుదావూర్ రోడ్డు, తిలాస్‌పేటలోని శ్రీ బోధి అకాడమీ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్. ఆంధ్రప్రదేశ్ పేరు కింద గుంటూరులోని క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, విశాఖలోని బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నాయి. యూజీసీ చట్టం 1956 ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం లేని చోట ఇచ్చిన డిగ్రీ ఉద్యోగానికి, పై చదువుకు చెల్లదు. ఆ జాబితా యూజీసీ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. చూడటానికి ఐదు నిమిషాలు చాలు. దూరవిద్య కోర్సయితే ఇంకో మెట్టు ఎక్కాలి. ఆ విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంటే చాలదు, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో చూడాలి.

ఇప్పుడు రసీదు దగ్గరకు వద్దాం. మోసం చాలాసార్లు బయటపడేది అక్కడే, ఎవరైనా చదివితే. నోటితో చెప్పేటప్పుడు ‘ఉద్యోగం గ్యారంటీ’. రసీదులో ‘శిక్షణ రుసుము, తిరిగి ఇవ్వబడదు’. ఒప్పందం మూడో పేజీలో చిన్న అక్షరాలతో ‘ప్లేస్‌మెంట్ సహాయం మాత్రమే’. సహాయం అంటే ఏమిటో తెలుసా? మూడు ఇంటర్వ్యూలకు ఈమెయిల్ పంపినా సహాయమే. దాని కిందే ఇంకో వాక్యం: హాజరు 90 శాతం కంటే తగ్గితే హామీ వర్తించదు. హాజరు పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? వాళ్ల చేతిలోనే. రసీదు మీద సంస్థ రిజిస్టర్డ్ పేరు ఉందా, లేక బోర్డు మీది పేరు మాత్రమే ఉందా? జీఎస్‌టీ వసూలు చేస్తూ జీఎస్‌టీ నంబరు వేయలేదా? డబ్బు సంస్థ ఖాతాకు కాకుండా ఎవరో మనిషి పేరిట ఉన్న యూపీఐకి పంపమన్నారా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లేచి వచ్చేయండి. మొహమాటపడకండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. పరిశీలన కోసమంటే ఒరిజినల్ చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్ వెనక్కి తీసుకోండి. టెన్త్ మార్కుల జాబితా వాళ్ల బీరువాలో ఉన్నంతకాలం మీ పిల్లవాడు వాళ్లు చెప్పినచోట, వాళ్లు చెప్పిన జీతానికి పనిచేయాల్సి వస్తుంది. బాండ్ల విషయంలో మాత్రం తొందరపడి ‘అవేం చెల్లవులే’ అనుకోవద్దు. గడువుకు ముందే ఉద్యోగం మానేస్తే కట్టాలంటూ సహేతుకమైన మొత్తానికి రాయించుకున్న బాండును సుప్రీంకోర్టు 2025 మేలో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో సమర్థించింది. కాబట్టి సంతకం పెట్టాక చూసుకుందాం అనే ధీమా పనికిరాదు.

అప్పు ఇంకా ప్రమాదం. ‘ఇప్పుడేమీ కట్టక్కర్లేదు, ఉద్యోగం వచ్చాకే’ అంటారు. ఆధార్, పాన్ తీసుకుంటారు. ఓటీపీ చెప్పమంటారు. అది సంస్థతో కుదిరిన ఏర్పాటు అనుకుంటారు పిల్లలు. చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ మీ పిల్లవాడి పేరిట ఇచ్చిన అప్పు. మొత్తం డబ్బు సంస్థకు వెళ్లిపోతుంది. సంస్థ మధ్యలో బోర్డు తిప్పేసినా వాయిదా ఆగదు, క్రెడిట్ స్కోరు పడిపోతుంది, రేపు ఇంటి అప్పుకో బండి అప్పుకో వెళ్తే బ్యాంకు తలుపు మూస్తుంది. ఆన్‌లైన్ అప్పులపై రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం, అప్పు ఇచ్చే ముందు మొత్తం వడ్డీ, ఖర్చులు తెలిపే పత్రం మీకు ఇచ్చి తీరాలి. మనసు మార్చుకుని వెనక్కి తగ్గడానికి గడువు కూడా ఉండాలి. ఆ పత్రం అడగండి. ‘అదంతా ఫార్మాలిటీ’ అన్నారంటే ఇక ఆ మెట్లు దిగడమే మేలు.

డెమో క్లాసు చూసి సంస్థను అంచనా వేయడం, నా దృష్టిలో, ఫొటో చూసి వంట రుచి చెప్పడమే. డెమో చెప్పిన మనిషి చాలాచోట్ల మర్నాటినుంచి పాఠానికి రాడు. గోడ మీది విజేతల ఫొటోలనూ నమ్మకండి. తప్పుడు ఉద్యోగ హామీలతో, అభ్యర్థి అనుమతి లేని ఫొటోలతో ప్రకటనలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. నిషేధం పెట్టాల్సి వచ్చిందంటేనే అలవాటు ఎంత ముదిరిందో ఆలోచించండి.

మరి అసలు పరీక్ష ఏది? ఏడాది కిందటి ఒక బ్యాచ్ పూర్తి జాబితా అడగండి. వాళ్లు ఎంపిక చేసిన నలుగురి నంబర్లు కాదు, బ్యాచ్ మొత్తం. అందులోంచి మీకు తోచిన ముగ్గురికి మీరే ఫోన్ చేయండి. చేరింది ఎప్పుడు, ఇప్పటికీ అక్కడే ఉన్నారా, చేతికి వచ్చే జీతమెంత, మళ్లీ అవకాశముంటే ఇదే కోర్సులో చేరతారా అని అడగండి. కొన్నిచోట్ల ఒక్కరోజు జాయినైనా ‘ప్లేస్డ్’ అని రాసుకుంటారు. మూడు నెలలు ఇంటర్న్‌గా వాడుకుని పంపేసినా ‘ప్లేస్డ్’. ఆరు నెలల తర్వాత కూడా ఉద్యోగంలో ఉన్నవాళ్ల సంఖ్య ఒక్కటే లెక్క. జాబితా ఇవ్వలేమన్నారా? జవాబు దొరికినట్టే.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లూ ఇది వినాలి. హోటళ్లలో, ఆసుపత్రుల్లో, మందుల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు ప్రమోషన్ కోసం సర్టిఫికెట్ల వెంట పడుతున్నారు. కోర్సులో చేరేముందు మీ హెచ్ఆర్‌ను లిఖితపూర్వకంగా అడగండి: ఈ సర్టిఫికెట్ ఉంటే నా గ్రేడు మారుతుందా? ఈమెయిల్‌లో జవాబు రాకపోతే మారదనే అర్థం.

విదేశమంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేసినప్పుడు ఇరుక్కున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ. అది అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. అక్కడా మనవాళ్లే దొరికారు, చేర్చిన దళారుల్లోనూ మనవాళ్లే. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు ఇంకా ఘోరం. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న ఏజెంటు పేరు ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. అతను తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్‌టీ. అంతకు మించి అడిగితే, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అంటే, పాస్‌పోర్టు ఇవ్వకండి.

ఇదంతా విని ఏ శిక్షణకూ వెళ్లొద్దనుకోకండి. మేట్టుపాళయంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఇండియన్ బ్యాంకు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది, అక్కడ శిక్షణ ఉచితం. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి, స్టైపెండ్ ఇచ్చి తీరాలి. మేట్టుపాళయం, తట్టాంచావడి, సేదరాపట్టు పారిశ్రామికవాడల్లో తిరిగి అడగండి. ఎవరో ఒకరికి ఫీజు కట్టేముందు, నేర్చుకుంటూ డబ్బు తెచ్చుకునే దారి ఉందేమో చూడటం న్యాయం కదా.

ఇప్పటికే కట్టేసి ఇబ్బంది పడుతున్నవాళ్లుంటే రసీదులు, మెసేజులు, ప్రకటన ఫొటోలు చెరిపేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత ఆశ. ఐదు లక్షల లోపు విలువైన సేవలకు సంబంధించి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. కానీ చాలామంది అక్కడిదాకా రారు. ఇంట్లో ఏమంటారోనన్న భయంతో పిల్లలు దాచేస్తారు, పోయినదాన్ని పూడ్చడానికి ఇంకో అప్పు చేస్తారు. తల్లిదండ్రులకు నా విన్నపం అదే. పిల్లవాడు వచ్చి మోసపోయానంటే ఆ పూట ఏమీ అనకండి. పక్కన కూర్చోబెట్టుకుని రసీదు తీయించి, 1915కో 1930కో మీరే ఫోన్ చేయండి.