రెండు రోజులు ఎక్కువ పెట్టుకుని వెళ్లండి

ముక్తినాథ్ యాత్ర కరపత్రం ఒకటి చేతికొచ్చింది. గోరఖ్‌పూర్‌లో రైలు దిగడం, సునౌలీ దగ్గర సరిహద్దు దాటడం, పోఖరా, జోమ్‌సోమ్, ముక్తినాథ్, మనకామన, పశుపతినాథ్, మళ్లీ రైలు. అంతా వారం రోజుల్లో. మధ్యలో ఒక్క పూట ఖాళీ లేదు. తేదీలు చూస్తే శ్రావణమాసం! దసరా వెళ్లాక అయితే ఈ లెక్క సరిపోతుందేమో. నడివానల్లో నేపాల్ కొండల మీదికి పెద్దవాళ్లను ఇలా గడువు కట్టి తీసుకెళ్లడం ప్రాణాలతో చెలగాటం.

యాత్ర మానుకోమని నేననను. 108 దివ్యదేశాల్లో ఒకటైన ఆ క్షేత్రాన్ని ఒక్కసారైనా చూడాలని మన ఇళ్లలో ఎంతమంది ఎదురుచూస్తుంటారో తెలుసు. మన పూజామందిరాల్లోని సాలగ్రామాలు దొరికే గండకి అక్కడిదే. వెళ్లాలి. ఎలా వెళుతున్నామన్నదే అసలు సంగతి.

నేపాల్‌లో ఏడాది మొత్తం పడే వానలో దాదాపు 80 శాతం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. హిమాలయాలు వయసులో చిన్నవి, ఇంకా పైకి లేస్తూనే ఉన్నాయి. రాయి లోలోపలే పగిలి, నలిగి ఉంటుంది. 2015 ఏప్రిల్ భూకంపం చాలా వాలుల్ని ఇంకా వదులు చేసింది. దానికి తోడు ఊరూరికీ బుల్డోజర్‌తో దారులు చెక్కేస్తున్నారు. నీరు పోయే కాలువ ఉండదు, అడ్డుగోడ ఉండదు, తవ్విన మట్టిని అక్కడే వాలు మీదికి తోసేస్తారు. వాన మీద నెపం వేసే ముందు ఆ దారులు వేయించిన వాళ్లను నిలదీయాలి.

2024 జులై 12 తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, నారాయణ్‌గఢ్-ముగ్లింగ్ రోడ్డులో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి రెండు బస్సుల్ని త్రిశూలి నదిలోకి తోసేసింది. రెండింట్లో కలిపి అరవై మందికి పైగా ఉన్నారు. ముగ్గురు మాత్రం దూకి బయటపడ్డారు. సోనార్లు పెట్టారు, నదిలోకి అయస్కాంతాలు దించారు, మన ఎన్డీఆర్ఎఫ్ బృందమూ వెళ్లి వెతికింది. చాలామంది ఆచూకీయే దొరకలేదు. వానలు వెనక్కి మళ్లాల్సిన సెప్టెంబరు ఆఖరులో, కాఠ్మాండూకి దగ్గర్లోనే ఝ్యాప్లే ఖోలా వద్ద వాహనాల మీద కొండ కూలి మరో ముప్పై మందికి పైగా పోయారు. పగలైతే ఇలాంటివి జరగవని కాదు. కానీ రాత్రిపూట డ్రైవర్‌కి హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు కనిపిస్తుంది, పైనున్న కొండ కనిపించదు.

కొండను చూడటమంటే ఏమిటో ముగ్లింగ్ దారిలోనే నాకు తెలిసొచ్చింది. ముందెక్కడో చరియ పడి బండ్లన్నీ బారులు తీరాయి. దోసకాయలు నిలువునా చీల్చి కారం, ఉప్పు అద్ది అమ్ముతూ ఆడవాళ్లు కిటికీల వెంట తిరుగుతున్నారు. మా డ్రైవర్ (అక్కడ డ్రైవర్లను గురూజీ అని పిలుస్తారు) దిగి, రోడ్డు పక్కన రాతి మీంచి జారుతున్న సన్నటి నీటిధార దగ్గర నిలబడ్డాడు. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు బురదరంగు తిరిగాయి. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చి బస్సు వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. వరసలో చోటు పోతుందని లోపల అందరూ గోల. ఆయన వినలేదు. కాసేపటికి మేం ఆగి ఉన్న చోట ముందు గులకరాళ్లు, తర్వాత పిడికెడేసి రాళ్లు దొర్లాయి. పెద్దదేమీ పడలేదు. అయినా ఆ రోజంతా ఆయన్ని ఎవరూ తొందరపెట్టలేదు.

ఇంత చెప్పినా, ఆ కాలంలో ఆ దేశాన్ని చూడటం భాగ్యమే. ఆషాఢంలో వరినాట్లు. వాళ్ల అసార్ పదిహేనో రోజున, అంటే జూన్ చివర్లో, మడిలో దిగి నాట్లేసి పెరుగు అటుకులు తింటారు. మెట్టు మెట్టుకీ నీళ్లు నిలిచిన పొలాలు, ప్రతి మలుపులో ఒక జలపాతం. పోఖరా దగ్గరి లుమ్లేలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైనే వాన. అక్కణ్ణించి అన్నపూర్ణ, ధవళగిరి శిఖరాల నడుమ కాళీ గండకి లోయ పట్టుకుని వెళితే జోమ్‌సోమ్‌లో అందులో పదోవంతు కూడా పడదు. మేఘాలన్నీ ఇవతలే కురిసిపోతాయి. ముక్తినాథ్ ఆ వర్షచ్ఛాయలోనే ఉంది. ఆగస్టులోనూ అక్కడ ఆకాశం తేటగా కనిపించే రోజులుంటాయి.

ఆ ధీమా కూడా ఇప్పుడు తగ్గించుకోవాలి. 2023 ఆగస్టులో ముక్తినాథ్ దారిలోని కాగ్‌బేనీని బురద వరద ముంచెత్తింది. వాన తక్కువనే నమ్మకంతో మట్టితో చదును కప్పులు వేసుకున్న ఊళ్లవి. పైగా గుడి చేరాలన్నా, తిరిగి రావాలన్నా తడిసిన లోయను దాటి తీరాలి. పోఖరా నుంచి ఇరవై నిమిషాల విమానం ఉందంటారు. మధ్యాహ్నమయ్యేసరికి లోయలో గాలి విసురు పెరుగుతుంది కనుక అది పొద్దున పూటే నడుస్తుంది. మబ్బు కమ్మితే అదీ రద్దు.

అందుకని యాత్రలు నడిపేవారికి ఒక మనవి. వర్షాకాలపు ప్రయాణంలో రెండు ఖాళీ రోజులు కలపండి, ఖర్చు ఎంత పెరుగుతుందో ముందే చెప్పండి, ప్రాణం మీద ఆశ ఉన్నవాళ్లు ఇస్తారు. చీకటి పడ్డాక కొండదారిలో బస్సు కదలనివ్వకండి. రైలు టికెట్ కోసం డ్రైవర్‌ని తరమకండి. వెళ్లేవారు డబ్బు కట్టేముందు అడగాల్సింది ఒకటే: దారి మూసుకుపోతే ఎక్కడ ఆగుతాం, ఎన్ని రోజులు ఆగగలం? దీనికి జవాబు చెప్పలేని వారితో అమ్మానాన్నలను పంపకండి.