ఎక్సెల్ షీట్లో లేని కాలమ్

ఏటా అక్టోబరు వస్తే చాలు, సియాటెల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు లంచ్‌కి కూర్చున్న చోటల్లా ఒకటే గోల. ఏ జాకెట్ కొన్నావ్, 10కే నా, 20కే నా? ఈసారి కొత్త స్కీలేం వచ్చాయి? ఏ రివ్యూలో దేనికి మొదటి ర్యాంకు? (మా అమ్మకి ఫోన్లో "జాకెట్ 400 డాలర్లు" అంటే, అంత ఖరీదు రవిక ఎవరు కుడుతున్నార్రా అక్కడ అంది.) కారుకీ, టీవీకీ చేసినట్టే మనవాళ్ళు దీనికీ ఎక్సెల్ షీట్ తయారు చేస్తారు. నేనూ చేశాను, దాచుకోవడానికేముంది. మూడు సీజన్లు చేశాక నాకు తెలిసొచ్చిందేంటంటే, ఆ షీట్ నింపడానికి మనం చదివే రివ్యూలు అసలు టెస్టులే కావు.

ఎందుకు కావో చూడండి. వచ్చే ఏడాది అమ్మే స్కీలని సాధారణంగా ఈ చలికాలం చివర్లో ఏదో ఒక కొండ మీద తొక్కి చూస్తారు. స్కీలు కంపెనీవాళ్ళే తెస్తారు, అంచులు పదునుపెట్టి, మైనం పూసి మరీ. పొద్దున్న 9 గంటలకి గట్టిగా గడ్డకట్టిన మంచు మీద ఒక జత, మధ్యాహ్నం 2 గంటలకి పాయసంలా జారిపోయే మంచు మీద ఇంకో జత. స్కీ మారింది, మంచు మారింది, తొక్కేవాడి తొడలు అలిసిపోయాయి. మూడు వేరియబుల్స్ ఒకేసారి మార్చి, తేడా అంతా స్కీదే అని రాసేస్తే మన క్యూఏ వాళ్ళు ఊరుకుంటారా? పైగా స్కీ మీద బ్రాండ్ పేరు బారెడు అక్షరాల్లో కనబడుతూనే ఉంటుంది. తొక్కేవాడు మాజీ రేసరో, ఇన్‌స్ట్రక్టరో. అతను "వేగంలో నిలకడగా ఉంది" అని రాస్తే, స్నోక్వాల్మీలో ఆకుపచ్చ బోర్డున్న వాలు మీద కాళ్ళు వి ఆకారంలో పెట్టి దేవుణ్ణి తలుచుకుంటూ దిగే మనకి అందులో పనికొచ్చేదేముంది? ఆ తడిబరువు మంచుకి ఇక్కడి జనం పెట్టిన పేరే "కాస్కేడ్ కాంక్రీటు". దాని మీద 35 ఏళ్ళకి స్కీయింగ్ మొదలుపెట్టిన మనిషి ఎలా మలుపు తిరుగుతాడో ఎవడూ టెస్ట్ చెయ్యడు. ఆ మాటకొస్తే, అంచులు చెక్కిన కోణం ఒక డిగ్రీ తేడా వస్తే అదే స్కీ ఇంకో స్కీలా అనిపిస్తుంది. ఆ కోణమెంతో ఎన్ని రివ్యూల్లో చూశారు మీరు?

జాకెట్ల సంగతి ఇంకా తమాషా. 20,000 అంటే, ఆ గుడ్డ మీద 20,000 మిల్లీమీటర్ల ఎత్తు నీటి స్తంభం పెట్టే ఒత్తిడిని తట్టుకుంటుందని. అది ల్యాబ్‌లో, కొత్త గుడ్డ ముక్క మీద. కుట్లు, జిప్పులు, మెడ దగ్గర సందు ఆ అంకెలోకి రావు. చెమట బయటికి పోవడం గురించి వేసే అంకె మరీ దారుణం. దాన్ని కొలిచే పద్ధతులు బోలెడు, ఒకదానికొకటి పొంతన ఉండదు. కొన్నిట్లో అంకె పెరిగితే మంచిది, రెట్ అనే పద్ధతిలో తగ్గితే మంచిది. మనం మాత్రం అన్నీ ఒకే కాలమ్‌లో పెట్టి సార్ట్ కొడతాం.

దీనికి తోడు గుడ్డలే మారిపోతున్నాయి. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా, న్యూయార్క్ చట్టాలు బట్టల్లో పీఫాస్ రసాయనాలని నిషేధించాయి (కుండపోత తడికోసం చేసే బట్టలకి 2028 దాకా గడువుంది). మంచి పనే, ఆ రసాయనాలు నేలలో, నీళ్ళలో ఏళ్ళతరబడి పోవు. కానీ కొత్త పూతలు నీటిని ఆపినంతగా నూనెని ఆపవు. సన్‌స్క్రీన్, చెమట, మన కొబ్బరినూనె కాలరుకి అంటితే అక్కడ తడి పీల్చుకోవడం మొదలవుతుంది. తరచుగా ఉతుక్కోవాలి. అదే పేరుతో ఉన్న జాకెట్‌కి ఐదేళ్ళ కిందటి రివ్యూ చదివి ఇవాళ కొనేవాళ్ళు వేరే జాకెట్ రివ్యూ చదివినట్టే లెక్క.

సరే, జాకెట్ తడిస్తే మహా అయితే జలుబు చేస్తుంది. నా అసలు కోపం బూట్ల మీద, బైండింగుల మీద.

బూటు గట్టిదనానికి 80, 100, 120 అని అంకెలేస్తారు. వాటికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. ఒక కంపెనీ 100, ఇంకో కంపెనీ 90 ఒకేలా ఉండొచ్చు. సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, 26, 26.5 అని. చాలా బూట్లలో ఆ రెంటికీ బయటి ప్లాస్టిక్ డొప్ప ఒకటే. మనమేమో అర సైజు పెద్దది అడిగి, దాంట్లో రెండు జతల మేజోళ్ళు తొడిగి, మడమ లోపల గిలకలా ఊగుతుంటే "కంఫర్టబుల్‌గా ఉంది" అంటాం. లోపలి మెత్త తీసేసి ఉత్త డొప్పలో కాలుపెట్టి, వేళ్ళు ముందుకి ఆనించి, మడమ వెనక ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల సందుందో లేదో చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. చిన్నప్పుడంతా చెప్పులు లేకుండా తిరిగిన నా పాదం ముందు వెడల్పు. రివ్యూలో ఫస్టొచ్చిన బూటు నాకు నరకం చూపించింది. తప్పు రివ్యూది కాదు, వేరేవాడి కాలికి వచ్చిన మార్కులు నమ్మిన నాది.

ఇక బైండింగు. పడ్డప్పుడు బూటుని స్కీ నుంచి వదిలెయ్యడమే దాని ఉద్యోగం. ఎంత బలానికి వదలాలో లెక్కకట్టడానికి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనం ఏ రకం స్కీయరో కావాలి. 1, 2, 3 అని మూడు రకాలు. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు ఒకటి రాయాలి. మన మగాళ్ళు పక్కన అమ్మాయి నిలబడుంటే మూడు రాస్తారు.

రెండు చలికాలాల కిందట మా టీములో కుర్రాడొకడు సెకండ్ హ్యాండ్ బూట్లు కొనుక్కొచ్చి, అన్నా మీ పాత స్కీలిస్తారా అన్నాడు. నేను 88 కిలోలు, వాడు 58. వాడి బూటు నా బైండింగులో టక్కున కూర్చుంది. "బాగుంటాయా అన్నా?" అనడిగితే నేను గొప్పగా, వాటికి రివ్యూల్లో మంచి స్కోరుందిరా అన్నాను. ఆ మాటే అన్నాను. బరువు అడగలేదు, స్క్రూ తిప్పలేదు. వేగంగా కూడా కాదు, లిఫ్టు లైను దగ్గర నడక వేగంలో మెలికపడి పడ్డాడు. స్కీ ఊడలేదు, ముడుకు కింద ఎముక మెలితిరిగి విరిగింది. రాడ్ వేశారు. ఖమ్మంలో వాళ్ళమ్మగారికి బాత్రూంలో జారాడని చెప్పాం. ఆ ఫోను నేనే చేశాను.

తర్వాత ఆ స్కీల రివ్యూలు మళ్ళీ చదివాను. మెలికల్లో చురుకుదనం గురించి ఉంది, పై బొమ్మ రంగుల గురించి కూడా ఉంది. బైండింగు ఎలా సెట్ చేసుకోవాలో, ఇంకొకరికిస్తే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. బైండింగు సరిగ్గా ఉన్నా మోకాలి లిగమెంటుని అన్నిసార్లూ కాపాడదు, అదీ లేదు. అది తమ పని కాదంటారేమో. ఏ కాలమ్‌లో రంగు రాశారో, దాని పక్కన ఇంకో కాలమ్ పట్టదా? షాపులో టెక్నీషియన్‌కి చూపిస్తే కాస్త డబ్బులతో అయిపోయే పని. బైండింగు మరీ పాతదైతే షాపువాడు ముట్టుకోనంటాడు. అదీ మంచిదే, పారెయ్యాలని తెలుస్తుంది.

ఆ స్కీలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి. మొన్న తెలిసినాయన ఒకాయన భార్యతో వచ్చి, ఈ సీజన్‌కి ఇస్తారా అనడిగాడు. ముందు మీ బరువెంతండీ అన్నాను. 72 అన్నాడు. వాళ్ళావిడ పక్కనుంచి 81 అంది.