సరూర్‌నగర్‌లో విద్యుత్ వాహనాలు, విద్యుత్ సరఫరా

విద్యుత్ కార్లు విరివిగా వాడుకలోకి వస్తే సరఫరా వ్యవస్థ ఆ భారాన్ని మోయగలదా అనే ప్రశ్నకు హైదరాబాదు తూర్పు భాగంలోని సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు మంచి ఉదాహరణ. ఇక్కడ విద్యుత్తును దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ సరఫరా చేస్తుంది. ఆ సంస్థ సర్కిళ్ళలో సరూర్‌నగర్ ఒకటి. 2024 నవంబరు 18 నుండి అమలులోకి వచ్చిన విధానం ద్వారా తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రహదారి పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించింది.

ఉత్పత్తి చాలుతుందా?

చాలదనే భయానికి ఆధారం తక్కువ. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు ఆరు యూనిట్లు సరిపోతాయి. లక్ష కార్లకైనా ఆరు లక్షల యూనిట్లే. 2024 మార్చిలో రాష్ట్రపు ఒక రోజు వినియోగం 30 కోట్ల యూనిట్లు దాటింది. అందులో ఇది ఐదువందలవ వంతు. అయితే ఆ లక్ష కార్లూ ఒకే గంటలో ఛార్జింగుకు పెడితే 330 మెగావాట్లు కావాలి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు

ఒకప్పటి ఎల్.బి.నగర్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదులో విలీనమైంది. ఒంటి ఇళ్ళుండిన స్థలాలలో అపార్టుమెంట్లు లేచాయి. ఉదాహరణకు 160 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మీద ఎనభై ఫ్లాట్లు ఉన్నాయనుకుంటే ఒక్కొక్క దానికి వచ్చేది 2 కె.వి.ఎ. మాత్రమే. అందరూ అన్నీ ఒకేసారి వాడరన్న నమ్మకం మీదనే ఈ లెక్క నడుస్తుంది. పదిహేను ఆంపియర్ల ప్లగ్గు నుండి కారు తీసుకునే 3.3 కిలోవాట్లు రెండు ఏసీల భారంతో సమానం. రాత్రి ఎనిమిదింటికి ఇరవైఐదు కార్లు ఛార్జింగుకు పెడితే ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యంలో సగం వాటికే పోతుంది. పైగా ఇంటి కనెక్షను మీదనే వాహనాన్ని ఛార్జి చేసుకోవచ్చని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. వినియోగదారుడు అదనపు లోడుకు దరఖాస్తు చేయకపోతే ఏ వీధిలో భారం పెరగబోతున్నదో సంస్థకు ముందుగా తెలిసే అవకాశం తక్కువ.

తెలంగాణ రైతులకు ఈ సమస్య కొత్త కాదు. కరెంటు విడతలుగా వచ్చిన కాలంలో వారు మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా తిరగడంతో ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనపుడు ప్రభుత్వం ఆటోస్టార్టర్లను తొలగించమని రైతులను కోరవలసి వచ్చింది. ఛార్జింగుకు పెట్టి ఉంచిన కారు కూడా అటువంటిదే. సరఫరా ఆగి తిరిగి రాగానే తనంతట తానే ఛార్జింగు మొదలుపెడుతుంది.

ఏ వేళలో?

అర్ధరాత్రి తరువాత ఛార్జి చేసుకోవాలన్నది తరచుగా వినిపించే సలహా. శీతాకాలంలో అది సరియైనదే. ఏప్రిల్, మే నెలలలో మాత్రం ఏసీలు తెల్లవార్లూ నడుస్తాయి, ట్రాన్స్‌ఫార్మరులోని నూనె చల్లబడే వ్యవధి ఉండదు. సౌర విద్యుత్తు పుష్కలంగా ఉండే మధ్యాహ్నవేళ మేలు. కానీ ఇక్కడినుండి హైటెక్ సిటీ వైపు ఉద్యోగానికి వెళ్ళేవారి కార్లు ఆ వేళకు నగరపు పడమటి కొసన ఉంటాయి. కనుక వారికి కార్యాలయాల పార్కింగులలో ఛార్జింగు సదుపాయం కల్పిస్తే సరూర్‌నగర్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఊరట కలుగుతుంది.

స్కూటర్లది వేరే లెక్క. మూడు యూనిట్ల బ్యాటరీని నెలకు పాతికసార్లు నింపితే 75 యూనిట్లు. ఇది వీధికి భారం కాదు. కానీ 2024 మార్చి నుండి అమలైన గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు వాడకానికే బిల్లు లేదు. నెలకు 130 యూనిట్లు వాడే కుటుంబం స్కూటరు కొంటే ఆ హద్దు దాటి, మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది.