తీగ పీకితే రాగం పోతుంది

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కింద పొలం ఉన్న రైతుకి గానీ, మహేశ్వరం వైపు కుంట కింద వరి వేసిన రైతుకి గానీ ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చెరువు నిండా నీళ్లుంటే చాలదు. తూము ఎంత లేపాలి, ఏ కాలువలోకి ముందు వదలాలి, ఏ మడికి ఎప్పుడు మడవ తిప్పాలి... ఇదంతా తెలిసిన నీరటికాడు ఒకడుండాలి. నీళ్లు వేరు, నీళ్లకి దారి చూపే చెయ్యి వేరు.

మాడ్యులర్ సింథసైజర్ అనే వాద్యం సంగతి కూడా అంతే.

చూడ్డానికి అది వాద్యంలా ఉండదు. గోడకి ఆనించిన బీరువా నిండా మరలు, సాకెట్లు, వాటి మధ్య రంగురంగుల వైర్లు. పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్ కలిపే బోర్డు గుర్తొస్తుంది. ఆ పోలిక ఉత్తదేం కాదు. మూగ్ పెట్టెల్లో వాడిన పావంగుళం పిన్ను పుట్టింది టెలిఫోన్ బోర్డుల కోసమే.

ఇందులో ఒక్కో పెట్టెకి ఒక్కో పని. ఆసిలేటర్ శబ్దాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ దాన్ని వడగడుతుంది. యాంప్లిఫైయర్ ఎంత బయటకి వదలాలో చూస్తుంది, అంటే తూము అన్నమాట. తూముని ఎత్తి దించేది మాత్రం ఇంకో పెట్టె నుంచి వచ్చే వోల్టేజీ. వీటిలో దేన్ని దేనికి కలపాలో వాయించేవాడే వైర్లతో చెప్పాలి. దీన్నే ప్యాచింగ్ అంటారు. వైరు పెట్టకపోతే చాలా యంత్రాల్లో అసలు చప్పుడే ఉండదు.

అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో ఈ పెట్టెల్ని సంగీతలోకానికి చూపించాడు. అందరూ మూగ్ అంటారు గానీ, ఆయన మాత్రం తన ఇంటిపేరుని 'మోగ్' అనే పలికేవాడు. మోగేదానికి మోగ్ అని పేరు! తెలుగువాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

ఆ యంత్రం మన దేశానికి ఎప్పుడో వచ్చింది. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ యంత్రంతో ఒక స్టూడియో ఏర్పాటు చేశాడు. దాని వెనక గీతా సారాభాయ్ చొరవ ఉంది. 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ అంతటివాడికి భారతీయ సంగీతం నేర్పి, బదులుగా ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మనిషి ఆవిడ. ఆ స్టూడియోలో గీతా సారాభాయ్‌తో పాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా పనిచేశారు. ఒకరు పక్షుల పేరు మీద, ఇంకొకరు అంతరిక్ష నౌక పేరు మీద శబ్దాలు కట్టారు. 1970లో జపాన్‌లోని ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం అతుల్ దేశాయ్ చేసిన రికార్డింగులూ ఉన్నాయి. డెబ్భైల మొదట్లోనే స్టూడియో మూగబోయింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పుర్గస్ వాటిని వెతికి పట్టుకున్నాడు. 2020లో బీబీసీ రేడియోలో ఆ కథ చెప్పాడు. 2023లో వాటిలోంచి ఏరినవి ఆల్బమ్‌గా వచ్చాయి.

యాభై ఏళ్ల తర్వాత శబ్దం దొరికింది, బాగానే ఉంది. మరి ఆ శబ్దం ఏ వైరు ఎక్కడ పెడితే పుట్టింది? టేపు దాన్ని దాచదు. ఈ వాద్యంలో పెద్ద చిక్కు ఇదే. వీణకి మెట్లు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి. ఇక్కడ సాయంత్రం వైర్లు పీకేస్తే పొద్దున ఉన్న వాద్యం ఇక లేదు. అందుకే ఆ రోజుల్లో యంత్రం బొమ్మ అచ్చేసిన ఖాళీ కాగితాలుండేవి. వైర్లకి గీతలు గీసి, మరల పక్కన అంకెలు వేసి దాచుకునేవారు. ఇప్పుడు ఫోనుతో ఫొటో తీస్తున్నారు. కానీ పది వైర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాక, కిందది ఎటు పోయిందో ఫొటో చెప్పలేదు. పెన్సిలూ కాగితమే నయం.

వైర్లని పద్ధతిగా ఉంచడంలో తలో దారి. పొడవుని బట్టి రంగు పెట్టుకుంటారు కొందరు. దీనివల్ల కావలసిన వైరు గబుక్కున దొరుకుతుంది, అంతే. శబ్దానికో రంగు, దాన్ని నడిపే వోల్టేజీకో రంగు పెట్టుకోవడం మేలు. నీళ్లేవో, నీరటికాడి చెయ్యి ఏదో కంటికి కనబడుతుంది. కాలిఫోర్నియాలో డాన్ బుక్లా తన యంత్రాల్లో ఈ రెండింటికీ పిన్నులే వేరుగా పెట్టాడు, కలుపుదామన్నా కలవవు. మూగ్ కూడా స్వరం మొదలవమని చెప్పే సంకేతానికి రెండు రేకుల పిన్ను వేరే ఇచ్చాడు.

ఒక దగ్గర నుంచి పది చోట్లకి పంపొచ్చు. పది చోట్ల నుంచి ఒకే చోటుకి తేవాలంటే మాత్రం మధ్యలో మిక్సర్ ఉండాల్సిందే. రెండు అవుట్‌పుట్లని నేరుగా ముడేస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పంపేటప్పుడూ జాగ్రత్త కావాలి. మూగ్ లెక్కలో ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు, అంటే పక్కపక్క స్వరాల మధ్య తేడా సుమారు 83 మిల్లీవోల్టులు. ఒకే వోల్టేజీని చీల్చి మూడు ఆసిలేటర్లకి ఇస్తే కాస్త పడిపోవచ్చు. 83లో పదోవంతు తగ్గినా చెవికి తెలిసిపోతుంది. కాలువ చివరి ఆయకట్టు రైతు గోడు లాంటిదే ఇదీ. అందుకని శ్రుతి వోల్టేజీని పంచడానికి బఫర్ ఉన్న మల్టిపుల్ వాడతారు.

ఈ గొడవంతా ఎందుకని 1970లో మూగ్ కంపెనీయే మినీమూగ్ తెచ్చింది. వైర్లన్నీ లోపలే కలిపేసి ఇచ్చింది. పెళ్లి బ్యాండులో కీబోర్డు వాయించే కుర్రాడికి వైరంటే కరెంటు వైరూ, స్పీకరు వైరే. కానీ వైర్ల పిచ్చి పోలేదు. 1990లలో జర్మనీలో డీటర్ డోఫర్ సన్న పిన్నుల చిన్న పెట్టెలు మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా ఎక్కువగా ఆ కొలతలోనే మాడ్యూళ్లు తయారవుతున్నాయి.

పని అయిపోయాక విప్పడానికీ ఒక వరస ఉంది. ముందు స్పీకరు వాల్యూం పూర్తిగా దించాలి. ఈ యంత్రం నుంచి వచ్చే వోల్టేజీ మామూలు టేప్ రికార్డరుది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పిన్ను లాగితే ఠప్పుమంటుంది. తర్వాత కాగితం మీద గీతలన్నీ పడ్డాయో లేదో ఒకసారి చూసుకోవాలి. అప్పుడు చివరి పెట్టె దగ్గర మొదలుపెట్టి వెనక్కి, ఒక్కో వైరూ పీకుతూ ఆసిలేటర్ దాకా రావాలి.