పసిసాక్షిని ప్రశ్నించే హక్కు

పసివారు అబద్ధమాడరనీ, ముద్దాయి తరఫు ప్రశ్నలు వారికి రెండో దాడి వంటివనీ, అందువల్ల పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింది కేసుల్లో క్రాస్ ఎగ్జామినేషన్‌ను, అంటే ఒక పక్షం సాక్షిని ఎదుటిపక్షం ప్రశ్నించి ఆ మాటను పరీక్షించే విధానాన్ని, వీలైనంత కుదించాలనీ నేడు బలంగా వినిపిస్తున్న వాదన జాలిలోంచి పుట్టినదే అయినా, 2012 నాటి ఆ చట్టం తెలిసే వేరుచేసిన చూపునూ ప్రశ్ననూ ఒకటిగా కలిపేస్తున్నది. బిడ్డ కంటికి ముద్దాయి కనబడరాదన్న 36వ సెక్షనే, బిడ్డ చెప్పేది అతనికి వినబడాలనీ, తన వకీలుతో అతను మాట్లాడుకోగలగాలనీ అన్నది. 33వ సెక్షన్ ఇరుపక్షాల ప్రశ్నలనూ న్యాయమూర్తి నోటనే అడిగించింది. తెర కట్టి, ప్రశ్నలు రాసి ఇచ్చే పద్ధతిని ‘సాక్షి’ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2004లోనే ఆమోదించింది. అమెరికా సుప్రీంకోర్టు 1990లో మేరీలాండ్–క్రెయిగ్ కేసులో బిడ్డ వేరే గదినుంచి టీవీ ద్వారా సాక్ష్యమివ్వడానికి ఒప్పుకున్నప్పుడు కూడా క్రాస్‌ను తొలగించలేదు.

పోక్సో చట్టంలోని 29వ సెక్షన్ ప్రధాన నేరాల్లో ముద్దాయే ఆ నేరం చేశాడని ముందుగా భావించి, కాదని రుజువు చేసుకునే భారం అతనిపైనే మోపుతుంది. 2019 సవరణతో చొచ్చుకుపోయే తీవ్రతర లైంగిక దాడికి కనీస శిక్ష 20 ఏళ్లు, గరిష్ఠ శిక్ష ఉరి. ఇంత బరువు మోపిన చట్టంలో ప్రశ్నను కూడా లాగేసుకుంటే ముద్దాయికి మిగిలేదేమిటి?

కొత్తచెరువు వంటి మెట్టపొలాల ఊళ్లో బిడ్డ కాలాన్ని క్యాలెండరుతో కొలవదు, “శెనిక్కాయలు పీకేటప్పుడు” అంటుంది. వాన వెనకబడితే ఆ పీకుడూ వెనకబడుతుంది. అభియోగపత్రంలో ఆ మాట ఒక తేదీగా మారినప్పుడు, ఆ తేదీ బిడ్డ చెప్పిందో, రాసుకున్నవారు వేసిందో, ఆనాడు చేనులో ఇంకెవరున్నారో, ఇలా చెప్పమని ఎవరైనా నేర్పారో తేల్చగలిగేది మెత్తగా, బిడ్డ భాషలో అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్నకు నిలిచిన మాట అప్పీలులోనూ నిలుస్తుంది గనుక, అది బిడ్డకూ రక్షణే.

బిడ్డను నిజంగా నలిపేది జాప్యం. కేసును విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు కావాలని, జాప్యమైతే కారణం రాయాలని 35వ సెక్షన్ చెప్పినా, మానుతున్న గాయాన్ని ఏళ్ల తరువాత మళ్లీ కెలికే వాయిదాలపై రాని ఆగ్రహం వకీలు ప్రశ్నపై వస్తున్నది. ప్రతి జిల్లాలోనూ పసివారి వంటి దుర్బల సాక్షుల కోసం ప్రత్యేక సాక్ష్య కేంద్రాలు ఉండాలని సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఆదేశించింది. కరువుకు బెంగళూరు వలసపోయిన తల్లిదండ్రులు కూలి పోగొట్టుకుని బిడ్డను తీసుకువచ్చిన రోజునే, అటువంటి గదిలో, ముఖ్య విచారణా క్రాసూ రెండూ ముగించడానికి ఉన్న చట్టంలోనే కావలసినంత చోటున్నది.