సంతకానికి ముందు ఒక్కసారి చదవండి

ఆఫర్ లెటర్ వచ్చింది. మొత్తం పద్నాలుగు పేజీలు. ‘సాయంత్రం ఐదింటికల్లా సంతకం పెట్టి పంపండి’ అని హెచ్‌ఆర్ నుంచి ఫోన్. మనవాడు ఏం చేస్తాడు? మొదటి పేజీలో జీతం ఎంతో చూస్తాడు. చివరి పేజీలో సంతకం పెడతాడు. తొమ్మిదో పేజీలో రెండేళ్ల బాండ్ ఉందని, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలని ఏడాది తర్వాత గానీ తెలియదు. అదీ మరో కంపెనీ నుంచి మంచి పిలుపు వచ్చినప్పుడు. అప్పుడు నెత్తీనోరూ కొట్టుకుని లాభం ఉండదు.

‘ఫ్రెషర్లం కదా, మాకేం తెలుసు’ అని సర్దిచెప్పుకుంటాం. మరి 27 లక్షల జనాభా ఉన్న ఒక మహానగరం, కావలసినంత మంది లాయర్లు, ఆర్థిక నిపుణులు అందుబాటులో ఉన్న నగరం, ఇదే తప్పు చేసిందంటే ఏమంటారు? ఆ నగరం అమెరికాలోని షికాగో. ఎంఎస్ కోసం మన పిల్లలు ఏటా వెళ్తున్న ఊళ్లలో అదీ ఒకటి. వెళ్లేవాళ్లకే కాదు, ఇక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకూ ఆ ఊరి మున్సిపాలిటీ కథలో పనికొచ్చే పాఠం ఉంది. అందుకే కెరియర్ పేజీలో ఈ సంగతి రాస్తున్నాను.

75 ఏళ్లకు ఒక్క సంతకం

2008 డిసెంబరు. ఆర్థిక మాంద్యం ముదిరింది. నగర బడ్జెట్‌లో లోటు. అప్పటి మేయర్ రిచర్డ్ ఎం. డేలీ ఒక ప్రతిపాదన తెచ్చారు. నగర వీధుల్లోని 36 వేల పార్కింగ్ మీటర్లను 75 ఏళ్ల పాటు ఒక ప్రైవేటు సంస్థకు లీజుకు ఇవ్వాలి. మీటర్ల మీద వచ్చే ఆదాయం ఆ సంస్థది. బదులుగా నగరానికి ఒకేసారి 115 కోట్ల డాలర్లకు పైగా వస్తాయి.

షికాగోలో 50 వార్డులు. ఒక్కో వార్డుకు మన కార్పొరేటర్ లాంటి ప్రతినిధి ఒకరు. ఈ ప్రతిపాదన వాళ్ల ముందుకు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఓటింగ్ పెట్టేశారు. 75 ఏళ్ల ఒప్పందం! చదవడానికే టైమ్ లేదు, ఇక లెక్కలు వేసేదెవరు? అయినా 40 మంది సరే అన్నారు. ఐదుగురు మాత్రమే వద్దన్నారు.

తర్వాతి ఏడాది నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం కూర్చుని లెక్క కట్టింది. ఆ మీటర్ల అసలు విలువతో పోలిస్తే నగరానికి కనీసం 97 కోట్ల డాలర్లు తక్కువ వచ్చాయని తేల్చింది. ఈలోపు జనానికి సెగ తగలనే తగిలింది. చాలా కాలనీల్లో గంటకు పావు డాలర్ ఉన్న మీటర్ ఒక్కసారిగా డాలర్ అయింది. 2013 నాటికి రెండు డాలర్లు. ఊరేగింపు కోసమో, రోడ్డు పని కోసమో నగరం తన వీధిని తానే మూసినా, మీటర్ల మీద పోయిన ఆదాయానికి పరిహారం కట్టాల్సిన షరతులు ఒప్పందంలో ఉన్నాయి. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం కొద్ది ఏళ్లలోనే లోటు పూడ్చడానికి ఖర్చయిపోయింది. లీజు తీసుకున్నవాళ్లు మాత్రం పెట్టిన సొమ్మును ఇప్పటికే మించి రాబట్టుకున్నారు. గడువు ఇంకా ఐదు దశాబ్దాలకు పైగా ఉంది. అంటే ఇవాళ ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు రిటైరయ్యాక కూడా ఆ మీటర్ల డబ్బులు ఆ సంస్థకే పోతుంటాయి.

తొమ్మిదో పేజీ చదవకపోతే ఇలాగే ఉంటుంది.

మంచుకు కదిలారు, కాగితానికి కదల్లేదు

షికాగో జనం అమాయకులేమీ కాదు. 1979 జనవరిలో అక్కడ భారీగా మంచు కురిసింది. వీధులు మూసుకుపోయాయి. మంచు తీయించడంలో అప్పటి మేయర్ మైకేల్ బిలాండిక్ విఫలమయ్యారని ఊరంతా మండిపడింది. కొద్ది వారాలకే పార్టీ ప్రైమరీ ఎన్నిక వచ్చింది. అందులో ఆయన్ను జేన్ బర్న్ ఓడించారు. ఆ నగరానికి తొలి మహిళా మేయర్ ఆవిడే. మంచు తీయించలేకపోయిన మేయర్ పదవి పోగొట్టుకున్నాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకొంటారు.

అదే జనం 2008లో ఎందుకు ఆపలేకపోయారు? మంచు కంటికి కనబడుతుంది. ఒప్పందం కనబడదు. గుమ్మం ముందు పేరుకున్న మంచు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. వందల పేజీల కాగితం అర్థం కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని చదవాలి, లెక్క వేయాలి, ‘ఇదేంటి?’ అని అడగాలి. అలా చదివేవాళ్లు తక్కువ. ఏ ఊళ్లోనైనా తక్కువే. మన ఊళ్లోనూ అంతే. గుంత పడితే ఫోటో తీసి స్టేటస్ పెడతాం. ఆ రోడ్డుకు ఎంత మంజూరైందో, కాంట్రాక్టులో ఎన్నేళ్ల నిర్వహణ రాసుందో ఎంతమంది చూస్తాం?

చదివేవాళ్లు కరవైన చోట చదవగలిగినవాడికి విలువ పెరుగుతుంది. ఇది పౌరనీతి పాఠం మాత్రమే కాదు, జాబ్ మార్కెట్ సూత్రం కూడా.

వార్డు మీటింగ్ నుంచి వార్డు ప్రతినిధి దాకా

అదే షికాగోలో, మీటర్ల గొడవ నడుస్తున్న రోజుల్లోనే మరో మంచి పని మొదలైంది. నగరానికి ఉత్తరపు కొసన ఉన్న 49వ వార్డు. అప్పటి ప్రతినిధి జో మూర్. వార్డులో రోడ్లు, ఫుట్‌పాత్‌ల వంటి పనులకు ఒక్కో ప్రతినిధి చేతికి ఏటా సుమారు 13 లక్షల డాలర్లు వచ్చేవి. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో జనాన్నే తేల్చమన్నారాయన. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అమెరికాలో దీన్ని మొదట అమల్లో పెట్టింది ఈ వార్డే. 2009లో సమావేశాలు మొదలయ్యాయి, 2010లో ఓటింగ్ జరిగింది.

చెప్పినంత తేలిక కాదు. ముందు సభలు పెట్టి ఆలోచనలు సేకరించాలి. తర్వాత వాలంటీర్లు కమిటీలుగా ఏర్పడి నెలల తరబడి పని చేయాలి. ఏ పనికి ఎంతవుతుంది? ఏ శాఖ అనుమతి కావాలి? ఈ నిధితో చేయొచ్చా, చేయకూడదా? ఇవన్నీ తేల్చాకే బ్యాలెట్. 16 ఏళ్లు దాటి ఆ వార్డులో ఉంటున్న ఎవరైనా, పౌరసత్వం లేకపోయినా, ఓటు వేయొచ్చన్నారు. తొలిసారి 1,600 మందికి పైగా వేశారు. షికాగోలో వార్డుకు సగటున 50 వేల మందికి పైనే ఉంటారు కాబట్టి ఇది చాలా తక్కువే. కానీ ఫుట్‌పాత్ మరమ్మతు ఎక్కడ ముందు జరగాలో అక్కడ నడిచేవాళ్లే తేల్చడం ఆ ఊరికి కొత్త.

ఆ తొలి ఏడాది కార్యక్రమంలో పాల్గొన్న స్థానికుల్లో మరియా హాడెన్ ఒకరు. సరదాగా ఒక మీటింగ్‌కు వెళ్లి వచ్చేయలేదు. ఆ పద్ధతి నేర్చుకుని, దాన్ని ఇతర నగరాలకు నేర్పే సంస్థలో పని చేశారు. అదే ఆవిడ వృత్తి అయింది. 2019లో అదే 49వ వార్డులో పోటీ చేసి, 28 ఏళ్లుగా ప్రతినిధిగా ఉన్న జో మూర్‌నే ఓడించారు. తలుపు తీసినవాడి మీదే గెలిచారన్నమాట. రాజకీయాల్లోకి వెళ్లమని నేను అనడం లేదు. వార్డు మీటింగ్‌లో నేర్చుకున్న పని కూడా ఒక కెరియర్‌కు పునాది అయిందని గమనించమంటున్నాను.

ప్రాజెక్టు మీ వీధిలోనే ఉంది

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఇంకో ఉదాహరణ. షికాగోలో ఫిర్యాదులన్నింటికీ ఒకే నంబరు, 311. చెత్త తీయకపోయినా, వీధి దీపం వెలగకపోయినా ఆ నంబరుకే. ఆ ఫిర్యాదుల వివరాలు, హోటళ్ల తనిఖీల ఫలితాలు లాంటివి నగరం తన వెబ్‌సైట్లో అందరికీ తెరిచి పెడుతుంది. ఊళ్లో ఆహారం అమ్మే చోట్లు 15 వేలకు పైగా ఉంటే తనిఖీ చేసేవాళ్లు 40 మంది కూడా లేరు. ముందు ఎక్కడికి వెళ్లాలి? గతంలో పట్టుబడిన తప్పులు, చుట్టుపక్కల చెత్త ఫిర్యాదులు, తనిఖీ జరిగి ఎన్నాళ్లయింది, ఎండ ఎంతుంది లాంటివి కలిపి ఒక మోడల్ తయారు చేశారు. 2014లో పరీక్షించి చూస్తే, తీవ్రమైన ఉల్లంఘనలు సగటున వారం రోజులు ముందే దొరికే వీలుందని తేలింది. ఆ కోడ్‌ను కూడా అందరికీ ఇచ్చేశారు.

ఇప్పుడు మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సంగతి చూద్దాం. ఇళ్ల ధరల అంచనా, టైటానిక్‌లో ఎవరు బతికారు, ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్. సీనియర్ దగ్గర తీసుకుని పేరు మార్చినవి ఎన్నో ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకు తెలుసు. దానికి బదులు ‘మా వార్డులో ఆరు నెలల్లో వచ్చిన వీధి దీపాల ఫిర్యాదులు తీసుకున్నాను సర్. ఏ వీధిలో పదేపదే పోతున్నాయో మ్యాప్ చేశాను. లైట్లు మారుస్తున్నారు గానీ కేబుల్ పాతది, అదీ అసలు సమస్య’ అని చెప్పే అభ్యర్థిని ఊహించుకోండి. ‘ప్రాబ్లం సాల్వింగ్ స్కిల్స్’ అని రెజ్యూమెలో రాసుకోవాల్సిన అవసరమే ఉండదు.

‘ముందు ఉద్యోగం చూసుకో’

ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. ‘ఊళ్లో గొడవలు నీకెందుకురా, ముందు ఉద్యోగం చూసుకో.’ వాళ్ల భయం అబద్ధం కాదు. స్థానిక సమస్య అనగానే ఏదో ఒక పార్టీ జెండా పట్టుకోవాల్సి వస్తుందని, కేసులవుతాయని భయపడతారు. టైమ్ కూడా నిజంగానే తక్కువ. ఆప్టిట్యూడ్, కోడింగ్, గ్రూప్స్ అంటూ ఉదయం నుంచి రాత్రి దాకా సరిపోతుంది.

కానీ నేను అడుగుతున్నది ధర్నా కాదు. నెలకు నాలుగు గంటలు. మీ వార్డుకు సంబంధించిన ఒక్క సమస్య పట్టుకోండి. మున్సిపల్ బడ్జెట్‌లో దానికి ఎంత కేటాయించారో చూడండి. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుము, సాధారణంగా 30 రోజుల్లో జవాబు. జవాబు వచ్చాక దాన్ని ఒక పేజీలో మీ అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో, మేనేజర్‌కు అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో రాయండి. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. మీ ఊళ్లో ఉందా, ఎప్పుడు కూర్చుంది అని అడగండి. గ్రూప్స్ రాసేవాళ్లు ఆ సవరణను ఎలాగూ బట్టీ పడుతున్నారు కదా, ఒకసారి కళ్లతో కూడా చూడండి.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. 49వ వార్డులో నిధుల మీద జరిగిన ఓటింగ్ వేరు, అసలు ఎన్నికలు వేరు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకున్నా, వేసినా పెద్ద చిక్కు. దాని జోలికి వెళ్లొద్దు. కానీ వార్డు సమావేశానికి వెళ్లి వినడానికి, 311కు ఫిర్యాదు చేయడానికి, నగరం డేటాతో పని చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. షికాగోలో నగర డేటా మీద పని చేసేవాళ్లు సాయంత్రాలు ఉచితంగా కలుసుకునే వేదిక 2012లోనే మొదలైంది. పరాయి ఊళ్లో పరిచయాలు పెరగాలంటే మన రూమ్మేట్ల మధ్యే కూర్చుంటే కుదరదు.

ఆ 40 మందిలో చాలామంది చెడ్డవాళ్లు కాకపోవచ్చు. తొందరలో ఉన్నారు. పైనుంచి ఒత్తిడి. పక్కవాడు చెయ్యెత్తాడు, తామూ ఎత్తారు. రేపు మీ చేతిలోకి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు మీ పరిస్థితీ అదే. పక్కవాడు అప్పటికే సంతకం పెట్టి స్వీట్లు పంచుతుంటాడు. చదివే అలవాటు ఆ సాయంత్రం కొత్తగా రాదు. ఇప్పటినుంచే మీ వార్డు కాగితాల మీద అలవాటు చేసుకుంటే, ‘సర్, తొమ్మిదో పేజీ గురించి ఒక్క ప్రశ్న’ అని అడిగే ధైర్యం ఆరోజు ఉంటుంది.